గడ్డిబొమ్మకు ఐదు నక్షత్రాలు

ఒక పెద్ద అడవిలో గుట్ట మీది నుంచి వాగు దాకా జారుడు బండ్లు నడిచేవి. నడిస్తే కాళ్లు అరుగుతాయని అక్కడి జంతువులకు ఎవరో చెప్పారు. అప్పటి నుంచి గుక్కెడు నీళ్లు తాగాలన్నా అవి బండి ఎక్కేవి. ఎక్కినవన్నీ వాగు దాకా చేరేవని మాత్రం చెప్పలేను. దారిలో ఒక మలుపు, ఆ మలుపులో ఎడమవైపు ఒక మద్దిచెట్టు ఉన్నాయి. బండి ఆ చెట్టుకు గుద్దుకోని వారం లేదు.

ఈ కథ చెబుతున్న నేను జంతువును కాను, గడ్డిబొమ్మను. నా బుర్రలో గడ్డి ఉందని మీరు అనకముందే నేనే ఒప్పుకుంటున్నాను. బండి భద్రతా మండలిలో నాకు ఉద్యోగం వచ్చిందే ఆ అర్హత మీద. మండలిలో మిగతావాళ్లు కూడా అదే అర్హతతో చేరారని తర్వాత తెలిసింది.

మండలి పుట్టడానికి కారణం చెవులమ్మ అనే కుందేలు. ఆమె పెద్దకొడుకు కాలు ఆ మలుపులోనే విరిగింది. ఆమె ముగ్గురు పిల్లల్నీ వెంటేసుకుని అడవి సభ ముందు బైఠాయించింది.

"ఆ బండ్లను ముందు మీరు దేనితోనైనా గుద్దించి చూసుకోండయ్యా. నా పిల్లలతో చూడకండి!" అంది.

"భేషైన మాట!" అన్నాడు ఎలుగుబంటి గుబ్బయ్య. "వెంటనే ఒక మండలి వేద్దాం. అధ్యక్షుడిగా నేను ఉంటాను."

ఆయన్ని ఉండమని ఎవరూ అడగలేదు. వద్దనడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు.

పరీక్ష చాలా సులువు. బండిలో ఒక బొమ్మను కూర్చోబెట్టి, పట్టీ కట్టి, గుట్ట మీది నుంచి వదలాలి. దారికి కుడిపక్కన ఉన్న బండరాయిని బండి గుద్దుకుంటుంది. బొమ్మకు ఏమీ కాకపోతే బండికి ఐదు నక్షత్రాలు. బొమ్మను కుట్టే పని గిజిగాడికి అప్పగించారు. గూడు అల్లినంత నేర్పుగా కుడతాడని అతనికి పేరు.

"ఎవరి కొలత తీసుకోమంటారు?" అని అడిగాడు గిజిగాడు.

"అడవిలో మామూలు జంతువు కొలత తీసుకో," అన్నాడు గుబ్బయ్య.

"మామూలు జంతువంటే?"

గుబ్బయ్య లేచి నిలబడి, పొట్ట కాస్త లోపలికి పీల్చుకున్నాడు. "నాకంటే మామూలు జంతువు ఎవడున్నాడోయ్?"

అలా నేను ఎలుగుబంటి ఛాతీతో, ఎలుగుబంటి నడుముతో పుట్టాను. ఆఫీసులో ఏడుపు మొహం బాగుండదని గిజిగాడు నా నోరు నవ్వుతున్నట్టు బిగించి కుట్టాడు. ఆ కుట్టు వల్ల నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు.

మొదటి బండి, బండ్లు తయారుచేసే అడవిపంది ముట్టెయ్యది. అది బండను గుద్దగానే నా తల ఎగిరి పొదలో పడింది, చెయ్యి కొమ్మకు వేలాడింది. చెవులమ్మ కెవ్వుమని పిల్లల కళ్లు మూసింది. గిజిగాడు తల వెతికి తెచ్చాడు. గుబ్బయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ప్రయాణికుడు చివరిదాకా సంతోషంగానే ఉన్నాడు," అని చెప్పాడు.

అయినా నియమం నియమమే కదా, నక్షత్రాలు ఇవ్వలేదు. ముట్టెయ్య మర్నాడు ఒక పెద్ద తేనెపట్టుతో వచ్చాడు. అది లంచం కాదట, మర్యాదట.

"అయ్యా, మా బండికి ఏ లోపమూ లేదు. ప్రయాణికుడే నాసిరకం," అన్నాడు.

గుబ్బయ్య తేనె నాకుతూ ఆలోచించాడు. నాకేకొద్దీ ఆ మాట సబబుగానే తోచింది.

ఇక బండిని వదిలేసి నన్ను బాగుచేయడం మొదలుపెట్టారు. గడ్డి తీసి కొబ్బరిపీచు కూరారు. అదీ చిరిగితే వెదురు పక్కటెముకలు పెట్టారు. అవీ విరిగితే టేకు చెక్కలు బిగించారు. తలలో మాత్రం గడ్డి అలాగే ఉంచారు. నా ఆరోగ్యం కోసం అడవి అంతా ఇంత తాపత్రయపడుతోందని నేను పొంగిపోయాను. గడ్డి బుర్రకు అంతకంటే ఏం తడుతుంది!

ముట్టెయ్య ఊరికే కూర్చోలేదు. బండికి కుడివైపు బలమైన చండ్రదుంగ బిగించాడు. ఎడమవైపు ఆకుల తడిక కట్టి దానికి దుంగ రంగు పూశాడు. చెవులమ్మ వచ్చి ఎడమవైపు తట్టి చూసింది.

"ఇటువైపు డొల్లగా ఉందేం?"

"పరీక్షలో బండ కుడివైపు ఉందమ్మా," అన్నాడు ముట్టెయ్య ఓపిగ్గా.

"మలుపులో చెట్టు ఎడమవైపు కదా ఉంది!"

"ఆ చెట్టుకు మండలి గుర్తింపు లేదమ్మా."

ఈసారి గుద్దితే నాకు ఒక్క కుట్టూ ఊడలేదు. బండి మీద సున్నంతో ఐదు నక్షత్రాలు వేశారు. నాకు శాలువా కప్పి సన్మానం కూడా చేశారు. ఒక్క పనీ చేయకుండా, ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్నందుకు సన్మానం అందుకున్న మొదటివాణ్ణి నేనే అనుకుని మురిసిపోయాను. పక్కన అధ్యక్షుడు కూడా శాలువాతోనే ఉన్నాడని గమనించలేదు.

ప్రారంభోత్సవం నాడు బండికి పసుపు పూసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. మలుపు దగ్గర దిష్టి ఎక్కువని గుబ్బయ్య ఆజ్ఞ ఇస్తే, ఒక గుమ్మడికాయను సరిగ్గా ఆ మలుపులోనే, దారి నడిమధ్యన పగలగొట్టారు.

మొదటి ప్రయాణం చెవులమ్మకూ పిల్లలకూ ఇచ్చారు. ఆమె ఎక్కి పట్టీ కట్టుకుంది. ఎలుగు ఛాతీకి తగినట్టు పెట్టిన పట్టీ సరిగ్గా ఆమె గొంతుకు అడ్డంగా వచ్చింది. పిల్లలకు కళ్ల మీదికి వచ్చింది.

"దీనికంటే పట్టీ లేకపోవడమే నయం," అంది చెవులమ్మ.

"పరీక్షలో బొమ్మకు గొంతు దాకా రాలేదే!" అన్నాడు గుబ్బయ్య.

"ఆ బొమ్మ మీ అంత ఉందండీ. నా పిల్లలు మీ పాదమంత లేరు."

ఆమె పిల్లల్ని ఒక్కొక్కరినే కిందికి దించేసింది. జనంలో గుసగుసలు బయలుదేరాయి. గుబ్బయ్యకు పౌరుషం వచ్చింది.

"నేనే ఎక్కి చూపిస్తాను! ఐదు నక్షత్రాల బండికి భయమేమిటి?"

నన్ను కుడివైపు కూర్చోబెట్టి, తాను ఎడమవైపు కూర్చున్నాడు. పట్టీ ఆయనకు అతికినట్టు సరిపోయింది. బండి నిమ్మకాయల్ని చితక్కొట్టుకుంటూ దూసుకుపోయింది. మలుపులో గుమ్మడి గుజ్జు మీద చక్రం జర్రున జారింది. బండి వెళ్లి గుర్తింపు లేని ఆ మద్దిచెట్టును తన ఎడమ పక్కతో గుద్దింది.

ఆకుల తడిక ఆకుల తడికలాగే చిరిగింది. గుబ్బయ్య ఎడమచెయ్యి విరిగింది, ముందుపళ్లు రాలాయి. నా శాలువా కూడా నలగలేదు.

గిజిగాడు ఎగిరి వచ్చి ముందు నన్ను తడిమి చూశాడు. "ప్రయాణికుడు క్షేమం! ఐదు నక్షత్రాలు ఖాయం!" అని అరిచాడు.

"మరి నేను?" అని మూలిగాడు గుబ్బయ్య.

"మీరు పరీక్షలో లేరు కదండీ. ఫలితం బొమ్మను బట్టే అని మీరే నియమం పెట్టారు."

ముట్టెయ్య కూడా వచ్చి జాలిగా చూశాడు. "మీలో కాస్త టేకు తక్కువైనట్టుందండీ," అన్నాడు.

గుబ్బయ్య ఐదు నక్షత్రాల పత్రం మీద కుడిచేత్తో వేలిముద్ర వేశాడు. వేయకపోతే ఇంతకాలం వేసినవన్నీ తప్పని ఒప్పుకోవాలి. దానికంటే చెయ్యి విరగడమే తేలికనుకున్నాడు.

అందరూ ఆయన్ని మోసుకుపోయారు. విరిగిన బండిలో నేనొక్కణ్ణే నవ్వుతూ మిగిలాను. వాగుకు నడిచి వెళ్తున్న చెవులమ్మ పిల్లలు ఆగారు. కుంటుతున్న పెద్దవాడు నా దగ్గరికి వచ్చాడు.

"బొమ్మ మామా, నీకు నొప్పి పుట్టిందా?"

ఇన్నిసార్లు గుద్దించారు గానీ ఆ మాట ఒక్కరూ అడగలేదు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది, కుట్టిన నోరు నవ్వుతూనే ఉంది. చెవులమ్మ నా ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత వంగి, ఆ దారాన్ని పళ్లతో పటుక్కున కొరికేసింది.

అందుకే ఇవాళ మీకు ఈ కథ చెప్పగలిగాను. మండలి ఇంకా నడుస్తూనే ఉంది. నోటి కుట్టు ఊడిందని నన్ను తీసేసి, మరో బొమ్మకు నోరు గట్టిగా కుట్టి పెట్టుకున్నారు.

ఇందులో నీతి కావాలంటే ఇదీ: బండి ఎలాంటిదైనా ఫర్వాలేదు, ఎక్కేవాడికి ప్రాణం లేకపోతే ఐదు నక్షత్రాలూ గ్యారంటీ.