మూడు కొండలు దాటిన నడుం నొప్పి

నడుం నొప్పి ఒక్కటి చాలుతుందా, కాలు కూడా కలపాలా అని బెటుంగురా మంచం మీదే ఆలోచిస్తున్నాడు. ఆ రోజు రోగుల్ని డోలీలో మోసే వంతు అతనిది. కొండ అవతలి ఆస్పత్రి నుంచి ఒక ముసలమ్మను ఇంటికి తేవాలి. కానీ బున్యోన్యి సరస్సులో అతని రొయ్యల బుట్టలున్నాయి. మధ్యాహ్నం దాకా వదిలేస్తే నీటికుక్క వాటిని చీల్చి పారేస్తుంది. చివరికి నడుమే ఖాయం చేసి, కబురు చెప్పమని భార్య కొబురుంగిని ఒడ్డుకు పంపాడు.

ఆమె ఎదుటి కొండ మీదివాళ్లకు కేకేసింది, వాళ్లు అవతలి కొండకు అందించారు. నడుం పట్టేసిందన్న కబురు కొండ దాటేకొద్దీ బరువెక్కింది. రెండో కొండ మీద కాళ్లు పడిపోయాయి. మూడో కొండ మీద, డోలీ సంఘం పెద్ద రుజుంబా ఇంటికి చేరేసరికి, మాట కూడా పోయింది.

బెటుంగురా తీరిగ్గా జొన్న అంబలి తాగి పడవలో కాలు పెట్టబోతుండగా గట్టు మీద తన ఇంటివైపే వస్తున్న డోలీ కనిపించింది. ఒక్క పరుగున వచ్చి మంచమెక్కాడు. అబద్ధమాడి వంతు ఎగ్గొట్టినవాడి పేరు సంఘం కొట్టేస్తుంది. పేరు లేనివాణ్ణి రేపు నిజంగా రోగమొచ్చినా ఎవరూ మోయరు.

"నాకేం లేదు మావా, కాస్త నడుమే," అన్నాడు, ముగ్గురు మోతగాళ్లతో లోపలికొచ్చిన రుజుంబాతో.

"మాట వస్తోందే," అన్నాడు ఒకడు.

"పోయేముందు అలాగే వస్తుంది. ఎత్తండ్రా," అన్నాడు రుజుంబా.

నలుగురూ ఎత్తారు. కొబురుంగి వెనకే నడిచింది.

"మెల్లగా అన్నా. ముల్లు గుచ్చుకున్నా ఓర్చుకోలేడు పాపం."

"రొయ్యలు తిని బలిశాడు వదినా. రోగం ఇతనికి, నడుం నొప్పి మాకు," అన్నాడు మోసేవాళ్లలో ఒకడు.

పై నుంచి చూస్తే సరస్సు చిన్నగా ఉంది. తన బుట్టల దగ్గర నల్లచుక్కలా నీటికుక్క తల తేలింది. బెటుంగురాకు నడుంలో నిజంగానే నొప్పి పుట్టింది. అబద్ధం నిజమవుతున్నందుకు కాస్త మనశ్శాంతి కూడా కలిగింది.

దిగుడులో తడిమట్టి మీద రుజుంబా జారాడు. మడమ తిరిగిపోయింది. డోలీ దించి, ఆయన్ను రాయి మీద కూర్చోబెట్టారు.

"నన్నిక్కడే వదిలేయండి. మాట పోయినవాణ్ణి ముందు ఆస్పత్రికి చేర్చండి," అన్నాడు, పళ్లు బిగించి.

"మేం ముగ్గురమే ఉన్నాం మావా."

దిగితే పేరు పోతుంది. దిగకపోతే ఈ ముసలాయన రాయి మీదే కూర్చుంటాడు. బెటుంగురా రెండూ తూచి చూశాడు. తూకం తేలకముందే కాళ్లు నేల మీదున్నాయి. రుజుంబాను డోలీలో పడుకోబెట్టి, కర్ర కింద భుజం పెట్టాడు.

ఎలాగూ ఆ రోజు వంతు అతనిదే.