నౌకరీ చూడుము

ఆ ఉదయం హనుమత్ప్రసాద్ ప్లాను చిన్నదే: పదింటిలోగా లైబ్రరీ సర్దడం, ఉద్యోగం కాపాడుకోవడం. అమీర్‌పేటలోని ఆ కోచింగ్ సెంటరు యజమాని కృష్ణమోహన్ నిన్ననే తేల్చేశాడు. "రేపొచ్చి చూస్తా. జనం లేకపోతే లైబ్రరీ మూసి పైథాన్ కంప్యూటర్ క్లాసు పెడతా. మీరింక రానక్కర్లేదు."

లైబ్రేరియన్‌గా హనుమత్ప్రసాద్ క్రమశిక్షణ గట్టిది. క్రమం ఆయనది, శిక్ష పాఠకులది. ఒక విషయానికి ఒకే పేరు, ఒకే బీరువా. రెండో పేరున్న చోట ‘ఫలానాది చూడుము’ అని చీటీ. పదేళ్లుగా అటెండరు సారయ్యతో ఒక్క పేరు దగ్గరే పేచీ. ఈ గుంటూరాయన ‘ఉద్యోగాలు’ అంటాడు, సారయ్య ‘నౌకరీ’ అంటాడు. అందుకే ఆయన బీరువా మూడో అంతస్తులో, సారయ్యది రెండో అంతస్తులో.

ఒకవేళ ఉద్యోగం పోతే, పోయేముందైనా సారయ్య మాట నెగ్గిద్దామని హనుమత్ప్రసాద్ తన బీరువా ఖాళీ చేసి, పుస్తకాలు మూటగట్టి, ‘నౌకరీ చూడుము’ అని అంటించాడు. సరిగ్గా అప్పుడే కింద సారయ్య కూడా జాలిపడి, తన బీరువా ఖాళీ చేసి, ‘ఉద్యోగాలు చూడుము’ అని అంటించాడు.

ఉద్యోగ పరీక్షల పుస్తకాల కోసం తొమ్మిదిన్నరకు వచ్చిన పిల్లలు పైకెళ్లారు, కిందికొచ్చారు, మళ్లీ పైకెళ్లారు. మెట్ల మీద లైను కట్టింది. అమీర్‌పేటలో లైను కనిపిస్తే ముందు నిలబడతారు, తర్వాత అడుగుతారు. పదింటికల్లా లైను మెట్రో స్తంభం దాటింది.

"ఏంటయ్యా సారయ్యా ఇది?"

"మీ మాటనే నిలబెట్టిన సార్!"

"నేను నీ మాట నిలబెట్టానయ్యా!"

"గట్లయితే మనిద్దరం మునిగినం."

మూటలు విప్పుదామంటే మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు.

పంజాగుట్ట ట్రాఫిక్‌లో నలిగి వచ్చిన కృష్ణమోహన్, తన గుమ్మం ముందు జనాన్ని చూసి బిత్తరపోయాడు. చివర నిలబడ్డ రవళి అనే అమ్మాయిని అడిగాడు. "లైను దేనికమ్మా?"

"తెల్వదు అంకుల్. ఇంతమందున్నరంటే మంచిదే అయ్యుంటది. మధ్యల దూరకుండ్రి, నా ఎనక నిలబడుండ్రి."

నిలబడ్డాడు. రెండు అంతస్తులూ రెండుసార్లు తిరిగి, చెమటతో హనుమత్ప్రసాద్ ముందు తేలాడు.

"సార్, పొరపాటైంది. ఇప్పుడే సరిచేస్తాను..."

"ఆ చీటీల మీద చెయ్యి వేశారంటే ఊరుకోను! పైథాన్‌కు పదిమంది కూడా పేర్లివ్వలేదు, మీకు రోడ్డు నిండా ఉన్నారు. రేపట్నుంచి మూడో బీరువా కూడా పెట్టండి!"

సాయంత్రానికి ఎదురు సెంటరు వాళ్లూ లైబ్రరీ బోర్డు కట్టారు. పుస్తకాలు ఇంకా కొనలేదట, చీటీలు మాత్రం రాయిస్తున్నారు.