అమ్మ పేరు మీద జావ

శుక్రవారం తెల్లవారగానే కోడి జావ బండి తెరిచి, పొద్దెక్కేలోగా గుండిగ ఖాళీ చేసి, ఆ తర్వాత నింపాదిగా స్నానం చేసి మసీదుకు వెళ్లాలన్నది హర్తోయో వేసుకున్న పథకం. అందులో గుండిగ ఖాళీ కావడం దాకా అంతా అనుకున్నట్టే జరిగింది.

హర్తోయో క్లాతెన్ పట్టణంలో పోస్టాఫీసు కౌంటరు వెనక ఉద్యోగమంతా వెళ్లదీసిన మనిషి. పెద్దవాడు గనక వీధంతా అతన్ని ‘పాక్ హర్తోయో’ అని గౌరవంగా పిలిచేది; పెద్ద ఆడవాళ్లనైతే ‘బు’ అంటారు. పోస్టాఫీసులో స్టాంపు ధర స్టాంపు మీదే అచ్చయి ఉంటుంది కాబట్టి నోరు తెరిచి ఎవరినీ డబ్బు అడగాల్సిన అవసరం అతనికి రాలేదు. రిటైరయ్యాక మోటారుసైకిలు అమ్మి, ఒక తోపుడు బండీ, పెద్ద గుండిగా కొన్నాడు. ఈ వ్యాపారం సాగకపోతే సురబాయా నగరం వెళ్లి బావమరిది గోడౌనుకి కాపలా కాయాలి. బావమరిది అప్పుడే యూనిఫాం కొలతలు పంపమంటున్నాడు.

జావ చేసే పద్ధతి చనిపోయిన తల్లిది. అందుకని బండికి కట్టిన బ్యానరు మీద ఆమె ఫొటో వేయించి, కింద ‘కీర్తిశేషురాలు సరియెమ్ గారి కోడి జావ’ అని రాయించాడు. ధర కూడా రాయించమని భార్య ముర్సిని మొత్తుకుంది.

"అమ్మ మొహం కింద ధర రాయిస్తే ఏం బాగుంటుంది? అమ్మకే వెల కట్టినట్టుంటుంది," అన్నాడు హర్తోయో.

"మరి జనానికెలా తెలుస్తుంది?"

"అడుగుతారు. చెప్తాను."

"మీరా?" అంది ముర్సిని. "పోనీ శుక్రవారం వద్దు, శనివారం తెరుద్దాం. శుక్రవారం ఊళ్లో అందరూ పుణ్యానికి అన్నాలు పంచుతుంటారు," అని కూడా అంది. కానీ శుక్రవారమే మంచిదని మామయ్య లెక్కకట్టి చెప్పేశాడు. ఆయన మాట తీసేయడం హర్తోయో వల్ల కాలేదు. మాట తీసేయడమన్నది అతని వల్ల ఎప్పుడూ కాలేదు.

ముర్సిని రొయ్యల అప్పడాల కోసం బజారుకు వెళ్లిన సమయంలో మొదటి గిరాకీ వచ్చింది. పక్కింటి తుమిరా వాకిలి ఊడుస్తూ బ్యానరు చూసి, చీపురు అక్కడే పడేసి వచ్చింది.

"ఏంటి పాక్, పొద్దున్నే ఘుమఘుమలు?"

"జావ, బు. మా అమ్మ చేసేదే."

"అమ్మ పేరు మీదా?"

"అవును, అమ్మ పేరే పెట్టాను."

"శుక్రవారం కూడా కలిసొచ్చింది."

"మంచిరోజని మా మామయ్య కూడా అన్నాడు."

తుమిరా కళ్లు చెమర్చాయి. అక్కడే నిలబడి రెండు చేతులూ పైకెత్తి, సరియెమ్ సమాధి విశాలంగా ఉండాలనీ, అందులో వెలుగు నిండాలనీ చాలాసేపు ప్రార్థించింది. హర్తోయో కూడా గరిటెతో సహా చేతులెత్తాడు. ఆమీన్ అనగానే ఆమె ఇంట్లోకి వెళ్లి, గిన్నె తెస్తుందనుకుంటే పెద్ద క్యారియరు తెచ్చింది. హర్తోయో గిన్నె గిన్నెకీ మాంసం తురుమూ, వేయించిన ఉల్లిపాయలూ చల్లి నింపాడు. తర్వాత నోరు తెరిచాడు.

"ఏమన్నా అన్నారా పాక్?"

"ఉల్లిపాయలు సరిపోయాయా అని."

మన తల్లి కోసం ఇప్పుడే అల్లాను వేడుకున్న మనిషిని డబ్బెలా అడగాలో పోస్టాఫీసులో ఎవరూ నేర్పలేదు. ఈ ఒక్కరికీ పోనిద్దాం, తర్వాతి వాళ్లను గట్టిగా అడుగుదాం అనుకున్నాడు.

తర్వాతి వాళ్లు వీధి చివర రిక్షాల వాళ్లు. తుమిరా పంపితే వచ్చారు. వాళ్లూ ప్రార్థన చేశాకే గిన్నె పట్టారు. సరియెమ్‌ని ఎరగని ఒకతను, ఆవిడ పేరు సరిగ్గా పలకడం రెండుసార్లు నేర్చుకుని మరీ చేశాడు. అతని వెనకే మసీదు చూసుకునే కస్ది వచ్చాడు. రెండు గిన్నెలు తిని, ఇలాంటి కొడుకు గురించి నలుగురికీ తెలియాలంటూ మసీదుకు వెళ్లి మైకు అందుకున్నాడు. కీర్తిశేషురాలు సరియెమ్ పేరు మీద హర్తోయో ఇంటి ముందు జావ పంచుతున్నారనీ, పిల్లాపాపలతో రావలసిందనీ వీధి వీధంతా వినిపించింది.

ముర్సిని అప్పడాల సంచితో తిరిగొచ్చేసరికి వరస మలుపు దాటింది. ఆమె జీవితంలో మొదటిసారి భర్తను గర్వంగా చూసింది.

"అమ్ముడుపోతోందా?"

"అయిపోవచ్చింది."

"డబ్బులేవి?"

హర్తోయో గరిటె వంక చూశాడు. ముర్సినికి మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. సంచి కింద పెట్టి, కొంగు బిగించి, వరస వైపు తిరిగి, "ఇదుగో, ఒక్క మాట..." అని మొదలుపెట్టింది. వీధిలో బాకీ వసూలు చేయాలన్నా, కూరలవాడి తూకం పట్టుకోవాలన్నా ఆమె తర్వాతే ఎవరైనా.

ఆ ఒక్క మాట పూర్తికాకముందే ఒక ముసలావిడ వచ్చి ఆమెను కావలించుకుంది. "అత్త బతికున్నంత కాలం ఆవిడతో ఒక్క పూట పడలేదు నీకు. వీధిలో ఎవరికి తెలియదు? ఇవాళ ఆవిడ పేరు మీద ఇంతమందికి పెడుతున్నావు. నీ మనసు మేం తెలుసుకోలేకపోయాం తల్లీ!"

వరసలో ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. ముర్సిని నోరు మూసుకుని, లోపలికెళ్లి, మర్నాటి కోసం దాచిన బియ్యం కూడా పొయ్యి మీదకెక్కించింది. అప్పడాలు కూడా పంచేశారు.

ఊరికే ఇంతమందికి ఎవరు పెడతారన్న అనుమానం కడుపులు నిండాక మొదలైంది. వచ్చే నెలలోనే వీధి పెద్ద ఎన్నిక ఉంది. ఆ పదవిలో ఏళ్ల తరబడి దర్సోనోయే ఉన్నాడు. ఇంకెవరికీ అక్కర్లేని ఆ పదవి మీద అతనికీ పెద్ద మోజు లేదు. ఇంకొకరికి కావాలని చెవిన పడేసరికి మోజు పుట్టింది. బండి దగ్గరికి వచ్చి, గిన్నె అందుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

"కుర్చీ మీద కన్నేశారని విన్నాను, పాక్ హర్తోయో."

హర్తోయో గతుక్కుమన్నాడు. బండి ముందు వేసిన కుర్చీలన్నీ వీధి సామాను గదివి. దర్సోనో ఇంట్లో లేనప్పుడు అతని భార్యనడిగి తెచ్చాడు.

"ముందే మీతో చెప్పాల్సింది పాక్. మీ ఆవిడ సరేనన్నారు."

"మా ఆవిడా?"

"ఎలాగూ మూలపడి దుమ్ము కొట్టుకుపోతోంది, తీసుకుపొమ్మన్నారు."

దర్సోనో చేతిలో చెంచా ఆగిపోయింది. "ఎన్నాళ్లుంచుకుందామని?"

"కాస్త నిలదొక్కుకునే దాకా. ఆ తర్వాత కావాలంటే మీరే తీసుకోండి."

దర్సోనో గిన్నె సగంలో వదిలేసి వెళ్లాడు. ఆ ఉదయం సరియెమ్ కోసం ప్రార్థించకుండా వెళ్లింది అతనొక్కడే.

సాయంత్రం మళ్లీ వచ్చాడు. ఖాళీ గుండిగ తోముతున్న దంపతుల ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే శుక్రవారం నుంచి ఎన్నికల దాకా జావ నేను పంచుతాను. వండేది మీరు, డబ్బు నాది. మీరు మాత్రం ఇక ఉచితంగా పెట్టకూడదు."

"ఉచితమని కాదు పాక్, అసలు సంగతేంటంటే..." అని మొదలుపెట్టాడు హర్తోయో.

ముర్సిని అతని కాలు తొక్కింది. "మానేస్తారు పాక్. ఈ క్షణం నుంచే మానేస్తారు."

"గిన్నెకెంత?"

హర్తోయో ఇంటి కప్పు వంక చూశాడు. ముర్సిని చెప్పింది. ఆ ధర విని దర్సోనో కంటే హర్తోయో ఎక్కువ ఉలిక్కిపడ్డాడు.

మరుసటి శుక్రవారం మసీదు మైకు దర్సోనోయే పట్టుకున్నాడు. తన ఔదార్యం ఎంతటిదో జనానికి అంచనా తప్పకూడదని, గిన్నె ఒక్కింటికి తాను ఎంత చెల్లిస్తున్నదీ రెండుసార్లు చదివాడు. హర్తోయో బతుకంతా కూడగట్టుకున్నా చెప్పలేని మాట వీధి నలుమూలలా మార్మోగింది.

అందరికంటే ముందు తుమిరా పరుగెత్తుకొచ్చింది.

"అంటే ఇది అమ్ముకునే జావా?"

హర్తోయో తల దించుకున్నాడు.

"పోయిన వారం కూడానా?"

తల ఇంకా కిందికి దిగింది.

"అయ్యో, క్యారియరు నిండా పట్టుకుపోయానే! నోట్లో నాలుక లేదా పాక్ మీకు?"

"మీరు ప్రార్థన చేస్తున్నారు బు. మధ్యలో ఎలా అడగను?"

తుమిరా ఈ సంగతి ఇంటింటికీ మోసింది. మర్నాటి నుంచి వీధి వీధంతా సిగ్గుపడుతూ వచ్చి, గిన్నె ఖాళీ చేసి, అడగకుండానే బండి మీద డబ్బు పెట్టి వెళ్లసాగింది. కొందరైతే పాత గిన్నెలకు కూడా కలిపి పెట్టారు. సురబాయాలో యూనిఫాం ఇంకెవరికో కుట్టించారు.

ఎన్నిక రోజు సాయంత్రం మసీదు వరండాలో సమావేశం జరిగింది. దర్సోనో తాను పంచిన జావ గురించి మాట్లాడి కూర్చున్నాడు. ఇక చేతులెత్తడమే తరువాయి అనుకుంటుండగా తుమిరా లేచింది.

"నేను పాక్ హర్తోయో పేరు చెప్తున్నా. గుండిగంతా ఊడ్చుకుపోయినా ఒక్క రూపాయి అడగని మనిషి. నెలనెలా ఇంటింటికీ తిరిగి చెత్త బండి చందా, కాపలా చందా అడగాల్సిన పదవి ఇది. ఇంతకంటే మంచివాడు మనకెక్కడ దొరుకుతాడు?"

దర్సోనో ఇన్నేళ్లుగా సరిగ్గా భోజనాల వేళకే చందాకు వచ్చేవాడన్న సంగతి అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. చేతులన్నీ లేచాయి. దర్సోనో భార్య చెయ్యి అందరికంటే ఎత్తుగా ఉంది.

"నాకు జావ అమ్ముకోవడం తప్ప ఇంకేం వద్దు," అని హర్తోయో వేడుకున్నాడు. ఆ వినయానికి జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. దర్సోనో వీధి పెద్ద ముద్ర ఉన్న డబ్బీ తెచ్చి అతని చేతిలో పెడుతూ, "చందాలకు మీరే తిరగక్కర్లేదు పాక్. కోశాధికారిని పెట్టుకోవచ్చు. నాకెవరూ దొరకలేదు గానీ," అన్నాడు.

అలాంటి పదవొకటి ఉందని ఎవరికీ గుర్తులేదు. హర్తోయో అటూ ఇటూ చూశాడు. తర్వాత పక్కనే కూర్చున్న మనిషిని చూసి, ఆ నెలలో మొదటిసారి తడుముకోకుండా మాట్లాడాడు.

"మా ముర్సిని."

చప్పట్లు ఆగిపోయాయి.