వాగులో మూడు రంగులు

సోమవారం ఉదయం ఎనిమిదింటికి కలుసుకుని, పదకొండింటికల్లా జాకీర్ రంగుల షెడ్డుకు తాళం వేసి, మధ్యాహ్నం పెనుకొండలో భోంచేసి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లాలని రిజర్వాయరు రక్షణ కమిటీ తీర్మానించింది. కమిటీ అంటే ముగ్గురే. హిందూపురం నుంచి తాగునీటి ఇంజనీరు ప్రమోద, పెనుకొండ నుంచి అడవి ఆఫీసరు మురళి, ధర్మవరం నుంచి కాలువల ఆఫీసరు పోతులయ్య. హిందూపురానికి తాగునీళ్లిచ్చే రిజర్వాయరులోకి ఎక్కడినుంచో మురికి చేరుతోంది. మూడు శాఖలూ కలిసి దాని సంగతి తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆరు నెలలుగా వాళ్లు కలిసి టీ తాగారు.

పరీక్ష తేలికైనదే. వాగు గట్టునున్న జాకీర్ షెడ్డు మోరీలో కాస్త రంగు పోయాలి. అది వాగుమీదుగా రిజర్వాయరులోకి వస్తే దొంగ దొరికినట్టే. జాకీర్ ధర్మవరం చీరలకు పట్టునూలు అద్దుతాడు. షెడ్డు మూతబడితే అతనూ, తల్లి జైతున్‌బీ, ఎనిమిది మంది పనివాళ్లూ వీధిన పడతారు. పాపమే. కానీ రంగులవాడు కాకపోతే మురికి ఇంకెవరిదని కమిటీ వాదన.

అయితే అనుమానం పెనుభూతం. అదే గట్టున అడవి శాఖ గెస్ట్‌హౌసూ, కాలువల శాఖ క్యాంపు ఆఫీసూ, తాగునీటి శాఖ పంపుహౌసూ ఉన్నాయి. ప్రమోదకు గెస్ట్‌హౌసు మీద అనుమానం. మురళికి క్యాంపు ఆఫీసు మీద. పోతులయ్యకు పంపుహౌసు మీద. జాకీర్ సంగతి తర్వాత, ముందు వీళ్ల గుట్టు చూద్దామని ఎవరికి వాళ్లు అనుకున్నారు. రంగు కావాలి. నీళ్లలో ఎంత దూరం పోయినా వెలవని రంగంటే ఆ చుట్టుపక్కల ఎవరికైనా గుర్తొచ్చేది పట్టు రంగే. దానికి జాకీరే.

శనివారం ముందుగా ప్రమోద వచ్చింది.

"ముగ్గులకు ఎర్రరంగు కావల్ల, జాకీర్."

"పట్టుకేసే రంగు ముగ్గుకెందుకు మేడమ్?"

"గాలికి పోకుండా ఉంటాదని."

గంట తర్వాత మురళి వచ్చి నర్సరీ కట్టెలకు గుర్తులు పెట్టాలని నీలం తీసుకున్నాడు. సాయంత్రం పోతులయ్య గుడి గోడకని పసుపు తీసుకున్నాడు. పోతూ పోతూ ముగ్గురూ ఒకే మాట అన్నారు. "ఎవరికీ చెప్పొద్దు."

జైతున్‌బీ కొడుకును లోపలికి పిలిచింది. "సర్కారోళ్లు ముగ్గురొచ్చి, దుడ్లిచ్చి కొన్యారు రా! ఎన్నడన్నా జరిగిందా ఇట్ల? నీ మింద ఏదో పన్నినారు."

జాకీర్‌ అప్పుడే పొయ్యి ఆర్పి, పనివాళ్లను పంపేసి, మోరీ తోమి ఆరబెట్టాడు.

సోమవారం పొద్దున ఆరున్నరకు ప్రమోద గెస్ట్‌హౌసు వాచ్‌మన్‌ను బతిమాలి బాత్రూంలోకి వెళ్లింది. అదే సమయానికి మురళి కాళ్లు కడుక్కుంటానని క్యాంపు ఆఫీసులో దూరాడు. పోతులయ్య మోటారు చూస్తానని పంపుహౌసుకు వెళ్లి, మోటారు తప్ప అన్నీ చూశాడు.

ఎనిమిదింటికి ముగ్గురూ రిజర్వాయరు దగ్గర నిలబడ్డారు. వాగులో ఎరుపు, నీలం, పసుపు చారలు చారలుగా దిగుతున్నాయి. ఎరుపు చూసి ప్రమోద మురళిని ఓరగా చూసింది. నీలం చూసి మురళి పోతులయ్య వైపు తిరిగాడు. పసుపు చూసి పోతులయ్య ప్రమోదను చూసి మీసం దువ్వాడు. నోరు విప్పితే దొంగచాటు పని బయటపడుతుంది. పైగా మిగతా రెండు రంగులు ఎవరివి?

"జాకీర్!" అన్నారు ముగ్గురూ.

"మనం ఇంకా వాని మోరీలో పొయ్యనే లేదు గదప్పా," అన్నాడు పోతులయ్య.

"పొయ్యకముందే ఇట్ల వస్తే, పోసింటే ఎట్లుంటాదో చూడన్నా!" అన్నాడు మురళి.

ప్రమోద గేటు దించించి, హిందూపురానికి నీళ్లు ఆపించింది. అరగంటలో ఆమె ఫోను ఆగకుండా మోగడం మొదలైంది. ముగ్గురూ షెడ్డుకు మూడు తాళాలతో వెళ్లారు. ఒకరి తాళం మీద ఇంకొకరికి నమ్మకం లేదు మరి.

"శనివారం నుంచి పొయ్యి ముట్టించలేదు సార్. మోరీలో చెయ్యి పెట్టి చూడండి," అన్నాడు జాకీర్.

మురళి చెయ్యి పెట్టాడు. దుమ్ము అంటింది.

"ముందే తెలిసి కడిగినాడు," అన్నాడు పోతులయ్య. "మీ ఇద్దర్లో ఎవురు చెప్పినారు?"

"నువ్వే చెప్పింటావు!" అంది ప్రమోద తాళం అందుకుంటూ.

జైతున్‌బీ గడపలోకి వచ్చి నిలబడింది. "ఎయ్యమ్మా తాళం. ఏసేముందర ఒక్క మాట చెప్పు. ముగ్గు బాగొచ్చిందా?"

ప్రమోద చెయ్యి ఆగిపోయింది.

"నీ కట్టెలకు నీలం పట్టిందా సారూ? గుడి గోడ ఆరిందా పోతులయ్యా?"

జాకీర్ వాగు వైపు చూసి, ముగ్గురినీ చూశాడు. "ఎరుపు, నీలం, పసుపు. మూడూ నేనిచ్చినవే. యాడ పోసినారు సార్?"

ప్రమోదకు సిగ్గేసింది. ఆ నీళ్లు ఆమె పిల్లలూ తాగుతారు. "గెస్ట్‌హౌసు బాత్రూంలో," అంది.

"మా బాత్రూంలోనా!" అని మురళి ఎగిరిపడ్డాడు.

"నువ్వు యాడ పోస్తివి?" అన్నాడు పోతులయ్య.

"మీ క్యాంపు ఆఫీసులో."

పోతులయ్య ఆకాశం వైపు చూస్తూ, "పంపుహౌసులో," అన్నాడు.

మూడు బాత్రూముల గుంతలూ నిండి వాగులోకి కారుతున్నాయని రుజువైపోయింది. ఆ గట్టు మీద మచ్చలేనిది జాకీర్ మోరీ ఒక్కటే.

"మూడు తాళాలు తెచ్చినారు గదా," అంది జైతున్‌బీ. "ఉత్తగా ఎందుకు ఎత్తుకుపోతారు?"

మధ్యాహ్నానికి మూడు బాత్రూములకూ తాళాలు పడ్డాయి. సొంత శాఖవాళ్లు తీసేస్తారని అనుమానం కాబట్టి తాళంచెవులు పక్క శాఖకు ఇచ్చారు. హిందూపురానికి బుధవారం నీళ్లొచ్చాయి. జాకీర్ పొయ్యి అంతకన్నా ముందే వెలిగింది. రెండు నెలల్లో గుంతలూ కొత్తవి కట్టారు గానీ, తాళంచెవులు మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.

ఇప్పుడు ఏ ఆఫీసరుకు అవసరమొచ్చినా పక్క శాఖకు అర్జీ పెట్టుకోవాల్సిందే కాబట్టి, మూడు శాఖల మధ్య సహకారానికి లోటు లేదు.