కాబోయే డాక్టర్‌కు చౌరస్తా శుభాకాంక్షలు

పదిహేనేళ్ల పిల్లల మనసు కుదుటపడాలంటే కౌన్సెలింగ్ అక్కర్లేదు. ఒక ఫ్లెక్సీ చాలు.

నవ్వకండి. అనుభవంతో చెబుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే. అందుకని ఇబ్రహీంపట్నంలో మా గల్లీవాళ్లు ఏ ఫ్లెక్సీ వేయించినా దాని మీద మాటలు రాసే బాధ్యత నాకే అప్పజెప్పారు. సప్లిమెంటరీలో గట్టెక్కినవాళ్లకు రాశాను, కొత్త బండి కొన్నవాళ్లకు రాశాను, ఒక కుక్కపిల్ల మొదటి పుట్టినరోజుకు కూడా రాశాను. చదువుకున్నవాడికి ఆ మాత్రం సేవాభావం ఉండాలి కదా!

ఎదిగే పిల్లలను "నేనెవరిని?" అనే ప్రశ్న పట్టుకుంటుందని నిపుణులు అంటారు. పెద్ద పెద్ద నగరాల్లో పిల్లలు దానితో ఏళ్లకేళ్లు కుస్తీ పడతారట. పాపం! మా దగ్గర ఆ ఇబ్బంది లేదు. చౌరస్తాకు పోయి తలెత్తి చూస్తే సరిపోతుంది. మా గల్లీ సతీశ్ తాను యువనాయకుడినని పుట్టినరోజు ఫ్లెక్సీ చూసే తెలుసుకున్నాడు. అప్పటి నుంచి పాలప్యాకెట్ కోసం పోయినా దారి పొడుగునా జనానికి దండాలు పెడుతూనే పోతున్నాడు. ఇంత ఆత్మవిశ్వాసం ఏ పుస్తకం ఇస్తుంది?

పైగా కన్నవాళ్లకు పిల్లలతో మాట్లాడే శ్రమ తప్పుతుంది. ఇంట్లో ఎదురుగా కూర్చోబెట్టి మెచ్చుకుంటే పిల్లలు చెడిపోతారని మన గట్టి నమ్మకం. అదే మెప్పును యాచారం బస్సు ఎక్కేవాళ్లందరికీ కనబడేలా కడితే మాత్రం చెడిపోరు. బిడ్డ భుజం మీద చెయ్యి వేయడం కష్టం గానీ, ఫొటో పక్కన ఫొటో అతికించడం ఎంతసేపు?

బోరుమోటార్లు బాగుచేసే మా బుగ్గయ్యన్ననే చూడండి. కూతురు నర్మద పది పాసైన రోజు ఆయన ఇంటికి పోలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, కాబోయే డాక్టర్ అని రాయి. అక్షరాలు జర పెద్దగుండాలె."

రాశాను. షాపువాళ్లు నర్మద మొహం కింద తెల్లకోటు అతికించి, మెడలో స్టెతస్కోపు వేశారు. పక్కన బుగ్గయ్యన్న ఫొటో, ఆమెకు రెండింతలు. కింద శుభాకాంక్షలు తెలిపేవాళ్ల మొహాలు. అందులో సగం మందికి నర్మద ఎవరో తెలియదు.

తాను డాక్టర్ కాబోతున్నానని నర్మద మరునాడు టైలర్ దగ్గరికి పోతూ చౌరస్తాలో తలెత్తి చూసి తెలుసుకుంది. ఎంత సులువు! అడిగే పని లేదు, చెప్పే పని లేదు. బైపీసీలో చేర్చారు.

ఆ తర్వాత పిల్ల అన్నం సగంలోనే వదిలేస్తోందని, పిలిస్తే పలకడం లేదని వాళ్లమ్మ వజ్రమ్మ వదిన నాతో అంది. ఏమైందే అంటే ఏం లేదంటుందట. బుగ్గయ్యన్న మాత్రం అది ఏకాగ్రత అని కనిపెట్టాడు. డాక్టర్లు ఎక్కువ మాట్లాడరట.

మొన్న కాలేజీ నుంచి వస్తూ నర్మద మా ఇంటి ముందు ఆగింది. తనకూ ఒక ఫ్లెక్సీ కావాలంది. కొత్త తరం కూడా దారిలో పడిందని సంతోషించి, ఏం రాయాలో చెప్పమన్నాను.

"బాపూ, నేనేమైతనో నాకింకా తెల్వదు, జర ఆగు అని రాయి. గంతే కాకా."

శుభాకాంక్షలు తెలిపేవాళ్ల ఫొటోలు ఎవరెవరివి పెట్టాలని పద్ధతి ప్రకారం అడిగాను. తల అడ్డంగా ఊపింది.

"ఎవ్వల్ది వద్దు. బాపుది, నాది పెట్టు. ఇద్దరియి ఒక్క సైజు."

చౌరస్తాలో బుగ్గయ్యన్న దుకాణానికి సరిగ్గా ఎదురుగా కట్టించాం. ఆదివారం పొద్దున షట్టర్ లేపి ఇటు తిరిగినవాడు అక్కడే నిలబడిపోయాడు. బస్సు అడ్డం వచ్చినప్పుడల్లా పక్కకు వంగి మళ్లీ చదివాడు. దుకాణం అట్లాగే వదిలేసి నా దగ్గరికి వచ్చాడు.

"ఇంట్ల నాతోని చెప్తే కాదా తమ్మీ? గిట్ల చౌరస్తాల కడ్తరా?"

చాలా లోతైన ప్రశ్న. జవాబు కూడా ఫ్లెక్సీ మీదే వేయిద్దామా అని అడిగాను. ఆయన తిరిగిపోయి షట్టర్ దించి, బండిని ఇంటి దిక్కు తిప్పాడు.

అప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. తండ్రులందరూ ఇట్లా ఇళ్లకు పోయి పిల్లల పక్కన కూర్చుంటే, ఇంత పెద్ద చౌరస్తాను ఏం చేసుకోవాలి?