ఆడపిల్లల్లో చలనం లేదు

"ఆడపిల్లలకి సైన్స్ అంటే భయం. ఆ భయం నేను పోగొడతాను, అదీ ఈ పూటే!" అని విద్యామంత్రిగారు మా హైస్కూల్లో మైకు ముందు ప్రకటించారు. భయమంటే ఏమిటో ఆయనకి తెలీదు. చదువుకునే రోజుల్లో సైన్స్ పరీక్షకి కూడా భయపడలేదట. అసలు వెళ్లనే లేదు.

నేను డ్రాయింగ్ మాస్టర్ని. బ్యానర్ రాసింది నేనే కాబట్టి ల్యాబులో వెనకాల నిలబడే భాగ్యం దక్కింది. ఆడపిల్లలకి నచ్చాలని విద్యాశాఖ డైరెక్టర్‌గారు ల్యాబంతా గులాబీ రంగు కొట్టించారు. మైక్రోస్కోపుకి కుచ్చుల గౌను కుట్టించారు. అందులోంచి ఏమీ కనపడదు గానీ, డైరెక్టర్‌గారి ముందుచూపు మాత్రం బాగా కనపడింది.

మంత్రిగారు పదో తరగతి పిల్లనొకదాన్ని దగ్గరికి పిలిచారు. రెండు జడల పిల్ల.

"సైన్స్ అంటే నీకెందుకమ్మా ఇష్టం లేదు?"

"ఇష్టమేనండీ. కానీ ప్రయోగాలు అబ్బాయిలతో చేయిస్తారు. మేం రికార్డులు రాసిపెడతాం."

"చూశారా, ఎంత ఒద్దికో!" అని మంత్రిగారు మురిసిపోయారు.

ఆ మురిపెంలో తనే ప్రయోగానికి దిగారు. స్పిరిట్ దీపం వెలిగించారు.

"మంట ఫొటోలో పడట్లేదు సార్," అన్నాడు ఫొటోగ్రాఫర్.

మంత్రిగారు స్పిరిట్ సీసా అందుకున్నారు.

"అయ్యో, వెలిగే దీపంలో పోయకూడదండీ!" అంది రెండు జడల పిల్ల.

"అదిగో, అదే భయం!" అంటూ పోశారు.

భగ్గుమంది. టేబుల్ మీది గుడ్డ అంటుకుంది. ముందు మంత్రిగారు, ప్రొటోకాల్ ప్రకారం వెనకే డైరెక్టర్‌గారు, ఆ తర్వాత విలేకరులు, అబ్బాయిలు బయటికి వచ్చేశారు. ప్రొటోకాల్‌లో నాకు చోటు లేదు కాబట్టి కిటికీలోంచి దూకాను. వెనక్కి తిరిగి చూస్తే, ఆ పిల్ల ఇసక బకెట్ ఎత్తి మంట మీద గుమ్మరిస్తోంది. ఇంకో పిల్ల సీసాకి మూత బిగించి దూరం జరిపింది. మంట ఆరిపోయింది.

గేటు దగ్గర మంత్రిగారు ఊపిరి తీసుకుని విలేకరుల వైపు తిరిగారు.

"గమనించారా? సైన్స్‌లో ఒక విశేషం జరగ్గానే మగపిల్లల్లో ఎంత చలనం! ఆడపిల్లలో? ఉన్నచోటు నుంచి కదల్లేదు!"

"సీరియస్‌గా ఆలోచించాల్సిన విషయం సార్," అన్నారు డైరెక్టర్‌గారు రొప్పుతూ.

ఆలోచించారు. ఇప్పుడు సైన్స్ పీరియడ్‌లో డ్రిల్లు మాస్టారు ఆడపిల్లలకి గ్రౌండులో పరుగు నేర్పుతున్నారు.

"ఎందుకండీ పరిగెత్తడం?" అని అడిగినందుకు రెండు జడల పిల్లకి ఇంకో రెండు రౌండ్లు ఎక్కువ వేశారు.