అమ్మాయి కనపడటం లేదు

ఆ ఆదివారం పొద్దున్నే తల్లికి పెళ్లికూతురి ఫొటోలు చూపించి, ఊఁ అనిపించుకుని, తర్వాత తీరిగ్గా ఇంటర్నెట్ సెంటరు తెరవాలనుకున్నాడు మాధవ్. తిరువూరు బస్టాండు ఎదురుగా ఉన్న ఆ సెంటరు అతనిదే. వైరస్‌ల బాధ పడలేక ఈమధ్యనే ఇంట్లోదానితో సహా కంప్యూటర్లన్నిట్లో విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించాడు.

పెళ్లికూతురు శర్వాణిది రెడ్డిగూడెం. ఆమె తమ్ముడు అక్క ఫొటోలు పుస్తకంలో పేజీల్లా తిరిగేట్టు ఒక వెబ్‌సైటు చేసి పంపాడు. తెరిస్తే పేరు, నక్షత్రం, ఎత్తు అన్నీ వచ్చాయి. ఫొటో ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ డబ్బా, అందులో 'ప్లగిన్ లేదు' అన్న మాట. ఫొటోల్ని అలా తిప్పి చూపించే ఆ ప్లగిన్ తయారుచేసే కంపెనీ కొత్తవన్నీ విండోస్‌కే ఇస్తోందనీ, లైనక్స్‌ని పట్టించుకోవడం మానేసిందనీ మాధవ్ విడమరిచి చెప్పాడు. తల్లి కమలాంబకి అందులో ఒక్క ముక్కే అర్థమైంది. సంబంధం తెచ్చిన తన అక్క నాగేశ్వరమ్మకి రెడ్డిగూడెం ఫోన్ చేసింది.

"అమ్మాయి కనపడటం లేదు అక్కయ్యా. పొద్దుట్నించీ చూస్తున్నాం."

లైనులో గరగర. మిగతాది వినకుండానే నాగేశ్వరమ్మ పెళ్లికూతురి ఇంటికి పరిగెత్తింది. శర్వాణి నిజంగానే ఇంట్లో లేదు. జాకెట్టు కుట్టించుకోవడానికి టైలరు దగ్గరికి వెళ్లింది. ఆ సంగతి తండ్రి పరబ్రహ్మానికి తెలియదు. గుళ్లో అర్చన ముగించుకుని అప్పుడే వచ్చిన ఆయన, అమ్మాయి కనపడటం లేదట, తిరువూరులో వెతుకుతున్నారట అని నాగేశ్వరమ్మ అనగానే కండువా కూడా సర్దుకోకుండా బస్సెక్కాడు. ఇంటికొచ్చిన శర్వాణికి, నాన్న తనని వెతకడానికి తిరువూరు వెళ్లాడని పక్కింటివాళ్లు ఏడుస్తూ చెప్పారు. ఆమె తర్వాతి బస్సు ఎక్కింది.

తిరువూరు బస్టాండులో పరబ్రహ్మం కన్నీళ్లు చూసి కంట్రోలరు మైకందుకున్నాడు. రెడ్డిగూడెం శర్వాణి ఎక్కడున్నా వెంటనే తన గదికి రావాలన్నాడు. ఎదురుగా సెంటర్లో అది విన్న మాధవ్ మనసు చివుక్కుమంది. తనని చూడకుండానే వద్దనుకుని ఇంట్లోంచి వెళ్లిపోయిందా? అయినా కాళ్లు నిలవలేదు. ముఖం తెలియని అమ్మాయిని వెతుకుతూ, బస్సు దిగిన ప్రతి ఆడపిల్లనీ పేరు అడగసాగాడు. ఇద్దరు తిట్టారు.

"మీరు శర్వాణిగారా అండి?"

"ఔను. టైలరు దగ్గరికెళ్లొచ్చేసరికి నేను కనపడటం లేదని మా నాన్న ఇక్కడికొచ్చారట, మైకులో పిలుస్తున్నారేంటండీ నన్ను? ఇంతకీ మీరెవరు?"

"మాధవ్‌ని. మీ ఫొటో రాకపోతే మా అమ్మ 'అమ్మాయి కనపడటం లేదు' అని ఫోన్ చేసింది. అంతేనండి జరిగింది."

శర్వాణి ఒక్క క్షణం ఆలోచించి, అక్కడే సిమెంటు బల్ల మీద కూలబడి పగలబడి నవ్వింది. మాధవ్‌కి ఇక ఏ ఫొటోతోనూ పని లేకపోయింది. పరబ్రహ్మం వచ్చి కూతుర్ని తిట్టబోయి, అతనెవరో తెలుసుకుని, కండువా సర్దుకున్నాడు. అందరూ కలిసి మాధవ్ ఇంటికి నడిచారు. దారిలో శర్వాణి తండ్రి చెవిలో తన ఇష్టం చెప్పేసింది.

పెళ్లిచూపుల ఉప్మా మాత్రం పెళ్లికొడుకువాళ్లే చేయాల్సి వచ్చింది.